సూటు లేని తూకం, ఆమె పేరున పట్టీ

సంపాదకులకు నమస్కారం.

ఐక్యరాజ్యసమితి 2026ను మహిళా రైతుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. ఆ పేరు చెప్పి సభలు పెడతారు, పండ్ల మొక్కలు పంచుతారు. మొక్కలివ్వడం మంచిదే. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటుగా వానపడే అనంతపురంలో, వేరుశనగ ఒక్కదాన్నే నమ్ముకుని చితికిపోయిన కుటుంబాలకు పండ్లచెట్టు పెద్ద ఆసరా. కానీ చెట్టు కాపుకొచ్చాక ఎవరూ ఆ తోటవైపు తొంగిచూడరు. ఎకరా, రెండెకరాల తోట ఉన్న ఆడవాళ్లకు డబ్బు జారిపోయేది సరిగ్గా అక్కడే. కోతకు నెలముందు నుంచి డబ్బు చేతికందే రోజుదాకా జరిగే పనుల్లో జారిపోతుంది.

పాదులు చేసేది, కలుపు తీసేది, డ్రిప్పు పైపుల్లో చెత్త కడిగేది, మందునీళ్లు మోసేది, కాయ కోసేది ఆడవాళ్లే. బేరం, కాటా, పట్టీ (అమ్మకం చీటీ), డబ్బు లెక్కపెట్టుకోవడం మాత్రం మగవాళ్ల పనులైపోయాయి. ఈ నాలుగింటిలో ఆడవాళ్లకు చోటు దొరికితే, కొత్తగా ఒక్క చెట్టు నాటకుండానే ఆదాయం పెరుగుతుందని మా గట్టి నమ్మకం. మా ప్రాంతంలో ఎక్కువగా ఉన్నది చీనీ (బత్తాయి) కాబట్టి దాన్నే ముందుపెట్టి చెబుతున్నాం. మామిడికీ జామకూ లెక్క కొంచెం మారుతుంది, పద్ధతి ఇదే.

తోటను కంటిచూపు మీద గుత్తకు ఇవ్వడం మొదటి నష్టం. వ్యాపారి వచ్చి తోటలో ఒక చుట్టు తిరిగి, "మొత్తం మీద ఇంత ఇస్తా" అంటాడు. అతను రోజుకు నాలుగు తోటలు చూసే మనిషి, కాయ ఎంత దిగుతుందో అతనికి తెలుసు. మనకు తెలియదు. తెలుసుకోవడం కష్టమైన పనేమీ కాదు. 6×6 మీటర్ల దూరంలో నాటిన తోటలో ఎకరాకు 110 చెట్లు ఉంటాయి. అందులో 11 చెట్లు ఎంచుకోవాలి. బాగా కాసినవే కాకుండా గట్టుపక్క చెట్లు, బోరుకు దూరంగా ఉన్నవి, బక్కవి కూడా అందులో ఉండాలి. ఒక్కో చెట్టును నాలుగు భాగాలుగా అనుకుని, ఒక భాగంలో కాయలన్నీ లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించాలి. ఆకుల చాటున లోపలి కొమ్మల్లో ఉన్న కాయల్ని వదిలేస్తే లెక్క తప్పుతుంది. ఒకరు కొమ్మ ఎత్తి పట్టుకుంటే ఇంకొకరు లెక్కపెట్టడం మేలు. ఆ తర్వాత పెద్దవీ చిన్నవీ కలిపి 20 కాయలు కోసి తూచి, సగటు తీయాలి.

చెట్టుకు సగటున 400 కాయలు, కాయ సగటు 160 గ్రాములు వచ్చిందనుకుందాం. చెట్టుకు 64 కిలోలు, 110 చెట్లకు 7,040 కిలోలు. రాలేవి, పుచ్చిపోయేవి, చచ్చిన చెట్ల ఖాళీలు కలిపి 15 శాతం తీసేస్తే దాదాపు 6 టన్నులు. ఈ లెక్క కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడు ఒకసారి, కోతకు నెలముందు ఇంకోసారి వేయాలి. మొదటిసారి బరువు తేలదు, కాయల సంఖ్య తెలుస్తుంది. రెండోసారికి రెండూ తెలుస్తాయి. 6 టన్నులని చేతిలో లెక్క ఉన్నప్పుడు, 80 వేలు గుత్త ఇస్తానన్న మనిషి టన్నుకు 13,333 రూపాయలే ఇస్తున్నాడని అక్కడికక్కడే తేలిపోతుంది. ఆ వారం మార్కెట్లో టన్ను 20 వేలుంటే, కోత కూలీ, రవాణా పోను ఎంత మిగులుతుందో పోల్చుకోవచ్చు.

గుత్తలో ఇంకో చిక్కుంది. ధర ఇంకా పెరుగుతుందేమోనని వ్యాపారి కాయను చెట్టు మీదే ఉంచేస్తాడు. కాయ మోసినన్నాళ్లూ చెట్టు బలం అందులోకే పోతుంది, తర్వాతి పూత వెనకబడుతుంది. ఆ నష్టం పూర్తిగా రైతుదే. అప్పు అవసరం కొద్దీ గుత్తకు ఇవ్వక తప్పకపోతే, కాగితం మీద ఆఖరి కోత తేదీ రాయించుకోవాలి. ఎన్ని కోతల్లో తీస్తాడు, కోత కూలీ ఎవరిది, పక్కన పడేసిన కాయ ఎవరికి చెందుతుంది, బయానా పోను మిగతా డబ్బు ఏ రోజు ఇస్తాడు అన్నవి కూడా అందులో ఉండాలి. నోటిమాట మీద నడిచిన బేరంలో చివరి కోత కాయ దగ్గరే ఎప్పుడూ గొడవ వస్తుంది.

రెండోది సూటు, అంటే తరుగు పేరు చెప్పి తూకంలో కోసుకునే కాయ. టన్నుకు వంద కిలోలు సూటు కింద తీసుకోవడం మా దగ్గర మామూలైపోయింది. దీన్ని రెండు రకాలుగా పడతారు. టన్నులోంచి వంద కిలోలు తీసేసి 900 కిలోలకే డబ్బు కట్టడం ఒకటి. 1,100 కిలోలు వేయించుకుని టన్ను డబ్బు ఇవ్వడం ఇంకొకటి. టన్ను 20,000 అన్నప్పుడు మొదటి పద్ధతిలో కిలోకు మనకు దక్కేది 18 రూపాయలు, రెండో పద్ధతిలో 18 రూపాయల 18 పైసలు. అందుకే ధర చెప్పగానే "సూటు ఎంత? లోపలా, పైనా?" అని అడిగి తీరాలి. సూటు లేకుండా 18,500 ఇస్తానన్న వ్యాపారి, సూటుతో 20,000 ఇస్తానన్న వాడికంటే మేలు. ఇది చాలామందికి చేతులు కాలాక గానీ తెలియదు. 6 టన్నుల కాయకు వంద చొప్పున సూటు పోతే 600 కిలోలు, అంటే 12,000 రూపాయలు. ఎకరా తోట ఆమెకు అది చిన్న మొత్తం కాదు.

వ్యాపారులు చెప్పే కారణం ఒకటుంది. దూరపు ఊళ్లకు పోయేలోపు కాయ బరువు తగ్గుతుంది, కొంత కుళ్లుతుంది అంటారు. అది నిజమే, కాదనం. కానీ ఆ నష్టం ధరలో చూసుకోవాలి, తూకంలో కాదు. తూకంలో కోస్తే, దెబ్బ తగలకుండా కోసి ఏరి పంపిన ఆమెకూ, రాలిన కాయ కలిపి పోసిన వాడికీ ఒకే శిక్ష పడుతుంది. మంచిగా కోయడానికి ఇక ఎవరికైనా మనసెందుకు పుడుతుంది?

కాటా గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తోటలోనే తూచే ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా కొత్తగా పడాలి. ముద్ర మీది సంవత్సరం చూడటం మొదటి పని. కాటాను చదునైన బండ మీద గానీ చెక్కపలక మీద గానీ పెట్టాలి. మెత్తటి దుక్కిలో పెడితే ఒక కాలు దిగబడి తూకం తప్పు చూపిస్తుంది. ఊళ్లో అందరికీ అందుబాటులో ఉండే పరీక్ష యూరియా బస్తా. 2018 నుంచి మామూలు వేపపూత యూరియా బస్తా 45 కిలోలది వస్తోంది. కుట్టు విప్పని బస్తాను కాటా మధ్యలో పెడితే సంచి బరువుతో కలిపి 45కు కాస్త పైన చూపించాలి. అదే బస్తాను నాలుగు మూలలకూ జరిపి చూడాలి. ఒక మూలలో తక్కువ చూపిస్తే ఆ కాటా పనికిరాదు. క్రేట్లు ఎప్పుడూ ఆ మూలకే జరుగుతుంటాయి, గమనించండి.

ఖాళీ క్రేటు బరువు ఇంత అని నోటితో చెబితే ఒప్పుకోకూడదు. పది ఖాళీ క్రేట్లు ఒకేసారి తూచి పదితో భాగిస్తే సరైన బరువు వస్తుంది. తడిసిన క్రేట్లు, అడుగున మట్టి అంటినవి వేరుగా పెట్టాలి. ఇంకో చిన్న మోసం పైగ్రాములు వదిలేయడం. కాటా 24.6 చూపిస్తే 24 అని రాసుకుంటారు. క్రేటుకు సగటున అరకిలో పోయినా, టన్నుకు 40 క్రేట్ల లెక్కన 20 కిలోలు గాలిలో కలిసిపోతాయి. రాసే పుస్తకం మన చేతిలో ఉండి, గ్రాములతో సహా రాసి, పది క్రేట్లకొకసారి కూడి ఇద్దరూ సంతకాలు పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

లారీని వేబ్రిడ్జి మీద తూచేటప్పుడు అసలు కిటుకు ఖాళీ బండి తూకంలో ఉంటుంది. నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తారు కాబట్టి, ఖాళీ బరువు ఎక్కువ చూపిస్తే మన కాయ తగ్గినట్టే. కూలీలు బండిలో కూర్చుని ఉండటం, నీళ్ల డ్రమ్ములు, తడి టార్పాలిన్లు, వేరే సరుకు మిగిలి ఉండటం అన్నీ మనకు నష్టమే. ఖాళీ బండి తూచేటప్పుడు మనిషొకరు అక్కడ ఉండాలి. అందరినీ దింపించి, బండిలో ఏమున్నాయో చూసి, చీటీ మీద టైము పడిందో లేదో చూసుకోవాలి. నిండు తూకం కూడా అదే వేబ్రిడ్జి మీద జరగాలి. ఈ పనికి ఆడవాళ్లు వెళ్లడం ఇంకా కొత్తగానే చూస్తున్నారు. ఇద్దరు కలిసి వెళ్తే ఎవరూ ఏమీ అనరు.

ఇక కోత. కాయను పట్టి లాగితే తొడిమ దగ్గర తొక్క ఊడి చిన్న గుంత పడుతుంది. బూజు అక్కడి నుంచే మొదలవుతుంది. ఒక్క కాయకు ఆకుపచ్చ బూజు పట్టినా రెండు రోజుల్లో చుట్టూ ఉన్న కాయలకు అంటుకుంటుంది. చిన్న కత్తెరతో తొడిమ కాయకు ఆనేలా కత్తిరించాలి. కాడ పొడవుగా వదిలితే అది పక్క కాయను గుచ్చుతుంది. పొద్దున్నే మంచు తడి ఉండగా కోయకూడదు. అప్పుడు తొక్కలో నీరు నిండి బిగిసి ఉంటుంది, కొద్దిగా నొక్కుకున్నా తొక్కలోని నూనె తిత్తులు చిట్లి రెండు మూడు రోజులకు గోధుమరంగు మచ్చలు తేలతాయి. కోసిన రోజు కనపడవు, మార్కెట్లో కుప్ప పోసినప్పుడు కనపడతాయి. తడి ఆరాక కోత మొదలుపెట్టి, కోసిన కాయ వెంటనే నీడలోకి చేర్చాలి. కుప్ప రెండడుగుల ఎత్తు దాటితే అడుగు కాయ నలుగుతుంది.

కూలీ ఎలా ఇస్తున్నామన్నది కూడా కోత నాణ్యతను మార్చేస్తుంది. టన్ను లెక్కన కూలీ మాట్లాడితే త్వరగా లాగి పడేస్తారు, తప్పు వాళ్లది కాదు. రోజు కూలీ ఇచ్చి, కత్తెరలు మనమే అందించి, గోళ్లు కత్తిరించుకోమని చెబితే తేడా మొదటి రోజే కళ్లబడుతుంది. చెట్టు కింద రాలిన కాయను మంచి కాయలో ఎంత మాత్రమూ కలపకూడదు. దాన్ని జ్యూసు బండ్లవాళ్లకు వేరుగా ఆ సాయంత్రానికే అమ్మేయాలి.

ఏరడానికి యంత్రాలు అక్కర్లేదు. 63 మిల్లీమీటర్ల, 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపుల నుంచి రెండంగుళాల ముక్కలు కోసి, అంచులు అరగదీసి, గుంజకు కట్టుకుంటే చాలు. పెద్ద ముక్కలోంచి కూడా దూరని కాయ మొదటి రకం, అందులోంచి జారి చిన్నదానిలో ఆగేది రెండో రకం, రెండింటిలోంచీ జారిపోయేది మూడో రకం. పైపు లోపలి కొలత చెప్పిన సైజుకంటే కాస్త తక్కువ ఉంటుంది, అందుకని అందరూ ఒకే కంపెనీ, ఒకే మందం పైపు వాడాలి. లేకపోతే రకాల దగ్గర తగవులొస్తాయి. నాలుగైదు గంటలు ఏరితే కన్ను అలసిపోతుంది, పైపు ముక్క అలసిపోదు. సైజుతోపాటు మంగు కాయను కూడా పక్కకు తీయాలి.

మంగు గురించి ఒక మాట. తొక్క మీద తుప్పురంగు పొర పట్టిన కాయకు రసంలో లోటేమీ ఉండదు, ధర మాత్రం పడిపోతుంది. అది నల్లి చేసే పని. కాయ చిన్నగా ఉన్నప్పుడే తొక్కమీది కణాలను గీరుతుంది, మచ్చ బయటపడేసరికి నల్లి వెళ్లిపోయి ఉంటుంది. మచ్చ చూశాక మందు కొట్టడం డబ్బు నేలపాలు చేసుకోవడమే. కాయ గోలీ సైజు నుంచే వారానికోసారి భూతద్దంతో కాయ నీడవైపు చూడాలి. కదిలే చుక్కలు కనిపిస్తే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి, ఎండ తగ్గాక కొట్టాలి. మంచి ఎండలో గంధకం కొడితే ఆకూ కాయా మాడతాయి. కొన్ని దుకాణాల్లో ఇప్పటికీ డైకోఫాల్ అడిగేవాళ్లున్నారు. అది 2023లో నిషేధించిన మందు, కొనకండి.

కాయ పండే రోజుల్లో రాత్రిపూట వచ్చి రసం పీల్చే రెక్కల పురుగు ఇంకో శత్రువు. అది గుచ్చిన చోట సన్నని రంధ్రం పడుతుంది, చుట్టూ మెత్తబడి, రెండు మూడు రోజుల్లో కాయ రాలిపోతుంది. దాని పిల్లపురుగులు చీనీ చెట్టుమీద పెరగవు. కంచెల్లో అల్లుకునే తిప్పతీగ, దూసరతీగ ఆకులు తిని పెరుగుతాయి. కాబట్టి మందుకంటే ముందు కంచె చూడాలి. ఒక్కరు పీకితే చాలదు, పక్క తోట కంచెలో తీగ ఉంటే పురుగు అక్కడి నుంచే వస్తుంది. నలుగురు ఆడవాళ్లు ఒక పూట కలిసి కంచెలన్నీ శుభ్రం చేసుకుంటే ఖర్చులేని పని. ఇలా పురుగు గుచ్చి రాలిన కాయను రోజూ ఏరి గుంతలో పూడ్చాలి, ఆ వాసనకే ఇంకొన్ని వస్తాయి. సాయంత్రాలు తోటలో పొగ పెట్టడం పాత పద్ధతే అయినా పనిచేస్తుంది.

ఇవన్నీ ఒంటరిగా చేసే ఎకరా రైతుకు ఒక అడ్డంకి మిగిలే ఉంటుంది. ఒక రోజు కోతలో దిగే అర టన్ను కాయ కోసం లారీ రాదు, మంచి వ్యాపారి రాడు. పది నుంచి పదిహేను మంది పక్కపక్క తోటల ఆడవాళ్లు కలిసి ఒకే రోజు కోత పెట్టుకుంటే 5, 6 టన్నులవుతుంది. అప్పుడు బేరం మన తోటకే వస్తుంది. సంఘాలు, సమాఖ్యలు మనకు కొత్త కావు. పొదుపు పుస్తకం రాసిన ఆడవాళ్లకు కాయ పుస్తకం రాయడం నల్లేరు మీద నడకే. కానీ కాయ కలపడంలో తప్పులు జరిగే చోట్లు వేరు.

ఎవరి కాయ వాళ్ల క్రేట్లలో, వాళ్ల చీటీతో, రకం వారీగా తూకమయ్యే దాకా ఒకరి కాయతో ఇంకొకరిది కలవకూడదు. కాటా దగ్గర ఒకరు, పుస్తకం దగ్గర ఒకరు, ఏరే దగ్గర ఇద్దరు ఉండాలి. ఈ నలుగురూ ప్రతి కోతకూ మారాలి. ఏరే మనిషి తన కాయ తాను ఏరకూడదు. ఖర్చుల కింద కిలోకు ఇంత అని, ఉదాహరణకు అర్ధరూపాయి, ముందే అనుకుని అందరి దగ్గరా ఒకేలా పట్టుకోవాలి. నాయకురాలి కాయ ముందు లారీ ఎక్కి, మిగతావాళ్లది రేపటికి ఆగిందంటే ఆ సంఘం అక్కడితో ఆగిపోతుంది. లారీలోకి ఎవరిది ముందు ఎక్కాలో చీటీలు తీసి తేల్చుకోవాలి.

అన్నిటికంటే గట్టి చిక్కు డబ్బు వచ్చే రోజు. దూరపు వ్యాపారి వారం పది రోజులకు డబ్బు వేస్తాడు. ఇంటి దగ్గర ఆమెకు ఆ సాయంత్రమే కూలీలకు ఇవ్వాలి, పిల్లవాడి ఫీజు కట్టాలి. ఆ అవసరం తెలిసిన స్థానిక వ్యాపారి చేతిలో డబ్బుపెట్టుకుని వస్తాడు, ఆమె సంఘాన్ని వదిలి అతనికి పోస్తుంది. ఆమెను తప్పుపట్టి లాభం లేదు, ఆ సాయంత్రం చేతిలో పెట్టడానికి సంఘం దగ్గర డబ్బు ఉండాలి. లెక్క ఇలా వేసుకోవాలి. ఒక లోడు 5 టన్నులు, టన్ను 20,000, మొత్తం లక్ష. కోసిన రోజే 60 శాతం ఇవ్వాలంటే 60,000 కావాలి. మొదటి లోడు డబ్బు తిరిగొచ్చేలోపు ఇంకో లోడు వెళ్తే 1,20,000 కావాలి. అంత నిధి లేనప్పుడు ముందు లోడు డబ్బు వచ్చాకే ఇంకో లోడు పెట్టుకోవాలి. ఈ నిధి పొదుపు సంఘం అంతర్గత నిధి నుంచో, గ్రామ సమాఖ్య అప్పుగానో కోతకు ముందే సిద్ధం కావాలి. దాన్ని పెళ్లికో ఆస్పత్రికో అప్పిస్తే, తర్వాతి కోతకు సంఘం చేతులెత్తేస్తుంది. ఎంత కష్టమైనా దీన్ని ఆ పనికే ఉంచాలి.

రైతు ఉత్పత్తిదారుల సంస్థలు పెట్టమని చాలామంది చెబుతున్నారు. 2020లో కేంద్రం తెచ్చిన పథకంలో మైదాన ప్రాంతాలకు కనీసం 300 మంది సభ్యులుండాలని, మూడేళ్లపాటు నిర్వహణ ఖర్చులకు 18 లక్షల దాకా ఇస్తామని పెట్టారు. పథకాన్ని మేం తప్పుపట్టడం లేదు. కానీ 300 మంది సంతకాలు తేవడం సులువు, 30 మంది కాయ ఒకే రోజు కోయించి ఒకే రకంగా ఏరించడం కష్టం. పదిహేను మందితో రెండు కాపులు అమ్మి, పుస్తకం సరిగ్గా తేలాక పెద్ద సంస్థలో కలవడమే మేలని మా అభిప్రాయం.

జామ్‌లు, స్క్వాష్‌ల శిక్షణ గురించి కూడా చెప్పక తప్పదు. మహిళలు అనగానే సీసాల్లో జామ్ పట్టడం నేర్పించి, సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తున్నారు. సీసా, లేబుల్, చక్కెర, గ్యాసు ఖర్చు పోను, పెద్ద కంపెనీల ధరతో పోటీపడి అమ్మడం ఊళ్లో ఆడవాళ్ల వల్ల అయ్యే పని కాదు. కాయను తాజాగా, ఏరి, సరైన తూకంతో అమ్మడంలోనే ఎక్కువ మిగులుతుంది. మూడో రకం కాయకు, కొనేవాళ్లు ముందే కుదిరినప్పుడు మాత్రమే ప్రాసెసింగ్ గురించి ఆలోచించాలి. సీతాఫలం గుజ్జు ఇందుకు కొంత వేరు. ఐస్‌క్రీమ్ తయారుచేసేవాళ్లు కొంటారు. కానీ ఆ గుజ్జు గాలి తగిలితే నల్లబడుతుంది, వేడిచేస్తే చేదెక్కుతుంది. గింజ తీసిన కొద్ది గంటల్లో మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లోకి పోవాలి. రోజుకు నాలుగు గంటలు కరెంటు పోయే ఊళ్లో జనరేటరు లేకుండా దీనికి దిగితే అప్పులే మిగులుతాయి.

సీతాఫలం కాయగా అమ్మడంలో మాత్రం చిన్న మెలకువ చాలు. కాయమీది కళ్ల మధ్య సందులు విచ్చుకుని, పసుపు కలిసిన తెలుపు కనిపించినప్పుడు, కాయ గట్టిగా ఉండగానే కోయాలి. సందులు పచ్చగా మూసుకుని ఉన్నప్పుడు కోసిన కాయ పండదు, నల్లబడి రాయిలా అవుతుంది. ఒక్కరు అలాంటివి నాలుగు బుట్టలు తెస్తే ఆ ఊరి కాయంతటికీ చెడ్డపేరు వస్తుంది. ఇంటి చుట్టూ ఉన్న చెట్లకు కాయ వంకరగా, చిన్నగా వస్తుంటే పరాగ సంపర్కం చాలలేదని అర్థం. సీతాఫలం పువ్వులో ఆడభాగం ముందు సిద్ధమవుతుంది, పుప్పొడి తర్వాత రాలుతుంది. సాయంత్రం బాగా విచ్చుకున్న పూలు కోసి మూతలేని డబ్బాలో ఉంచితే రాత్రికి పుప్పొడి రాలుతుంది. పొద్దున్నే చిన్న కుంచెతో దాన్ని అప్పుడప్పుడే రేకులు విడుతున్న పూల లోపల అద్దాలి. అద్దిన పువ్వుకు దారం కడితే ఫలితం తెలుస్తుంది. ఎకరాలకు ఇది సాగదు, పది పన్నెండు చెట్లకు బాగా సాగుతుంది.

అరెకరం భూమి, అంగుళం నీళ్ల బోరు ఉన్నవాళ్లకు జామ నయం. చీనీ డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తే జామ డబ్బు కోత నెలల్లో వారం వారం వస్తుంది, ఆ చిల్లర ఇంటి ఆడవాళ్ల చేతికే వస్తుంది. తైవాన్ జామకు పిందె నిమ్మకాయంత అయ్యాక నురుగు వల తొడిగి, పైన పలచటి కవరు వేసి, అడుగున రెండు మూలలు కత్తిరించి కట్టాలి. మూలలు కత్తిరించకపోతే లోపల నీరు నిలిచి కాయ కుళ్లుతుంది. ఆలస్యంగా కడితే పండుఈగ అప్పటికే గుడ్డు పెట్టేసి ఉంటుంది, కవరు లోపలే పురుగు పెరుగుతుంది. ఒక కొమ్మకు ఎన్ని కాయలుంచాలో అప్పుడే తేల్చుకుని మిగతావి తుంచేయాలి. దానిమ్మ లాభాలు చూసి ఆశపడే చిన్న రైతులకు మాత్రం మేం వద్దనే చెబుతాం. బాక్టీరియా మచ్చతెగులు వచ్చిందంటే మందుల ఖర్చు తట్టుకోవడం ఎకరా మనిషి తరం కాదు.

ఇంత చేసినా పట్టీ మీద పేరు భర్తదో మామదో అయితే డబ్బు ఆ ఖాతాకే పోతుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల్లో మహిళలు సాగుచేసేవిగా నమోదైనవి 14 శాతం లోపే. పట్టాదారు పుస్తకంలో పేరెక్కడానికి ఏళ్లు పట్టొచ్చు. ఈలోగా చేయగలిగినవి ఉన్నాయి. అమ్మకం పట్టీ ఆమె పేరున రాయించడం, డబ్బు ఆమె బ్యాంకు ఖాతాకే వేయించడం, ఈ-క్రాప్ (ప్రభుత్వ పంట నమోదు) జరిగేటప్పుడు రైతు సేవా కేంద్రంలో సాగుచేసేది ఎవరో చెప్పి రాయించడం. ఈ-క్రాప్‌లో తోట నమోదు కాకపోతే వాతావరణ ఆధారిత బీమా కూడా దక్కదు. మూడేళ్ల పట్టీలు ఆమె పేరున ఫైలులో ఉంటే బ్యాంకు మేనేజరు దగ్గర మాట్లాడటానికి ఒక ఆధారం దొరుకుతుంది.

అధికారులను మేం అడిగేవి పెద్ద బడ్జెట్ పనులు కావు. అనంతపురం మార్కెట్ యార్డులో రకం వారీగా ఆ రోజు ధరను, సూటు కలిపి కాకుండా, బోర్డు మీద రాయించండి. సూటు తీసుకున్న బిల్లు మీద ఆ కిలోలు విడిగా చూపించాలని నియమం పెట్టండి, అప్పుడే ఎంత పోతోందో లెక్క తేలుతుంది. యార్డులో ముద్రపడిన ఒక పరీక్ష కాటా రైతులకు అందుబాటులో ఉంచండి. ఉచితంగా ఇచ్చే చీనీ మొక్కలు జంబేరి వేరుమూలం మీద కాకుండా రంగపూర్ నిమ్మ వేరుమూలం మీద కట్టిన అంట్లేనని రాతపూర్వకంగా ఇవ్వండి. జంబేరి మీద కట్టిన చెట్లు ఎండుతెగులుకు చచ్చిపోతే ఆరేళ్ల కష్టం పోతుంది. సబ్సిడీ జాబితాలో మందు పంపులతోపాటు కోత కత్తెరలు, క్రేట్లు, 200 కిలోల కాటా చేర్చి, మహిళా బృందాలకు ముందు ఇవ్వండి.

రెడ్డిపల్లె, కళ్యాణదుర్గం, ఊటుకూరు, బనవాసి కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలకు ఒక మనవి. శిక్షణ పొద్దున పది గంటలకు మండల కేంద్రంలో పెడితే వచ్చేది మగవాళ్లే. పన్నెండు తర్వాత, కూలి పని విడిచే వేళకు, ఊళ్లోని ఏదో ఒక తోటలోనే పెట్టండి. పిల్లల్ని తీసుకురావచ్చని ముందే చెప్పించండి. కాటా, పైపు ముక్కలు, కత్తెరలు, ఒక యూరియా బస్తా తెచ్చి, ప్రతి ఒక్కరి చేతా ఒక క్రేటు ఏరించి తూయించండి.

ఇట్లు,
చిన్న పండ్లతోటల మహిళా రైతులు,
నార్పల, గార్లదిన్నె మండలాలు, అనంతపురం జిల్లా.